పసరు తాగిన సంగతి డాక్టరుకు చెప్పొచ్చా?

సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చేవెళ్ల, మొయినాబాద్ వైపువే ఎక్కువ. నాటు మందో, హోమియో గుళికలో, యునానీ లేహ్యమో వాడుతున్నాం, ఏమైనా అవుతుందా అన్నదే అందరి బెంగ. కొందరైతే పేరు కూడా రాయలేదు, తిడతానని కాబోలు. తిట్టడానికి ఇక్కడేమీ లేదు. ఏది మామూలు, ఎప్పుడు పరుగెత్తాలి అన్నది మాత్రం చెప్తాను.

ప్రశ్న: మా ఆయనకు పది రోజుల కింద పసిరికలు అయినయి. పక్క ఊళ్లె పసరు పోయించినం. ఉప్పు, నూనె లేకుండ పత్యం పెడుతున్న. కండ్లు ఇంకా పచ్చగనే ఉన్నయి, మనిషి బాగ నీరసపడ్డడు. పసరు పడలేదా? నాకు భయమైతుంది.
– ఒక ఇల్లాలు, తోల్‌కట్ట

జవాబు: ధైర్యంగా ఉండండమ్మా. పది రోజులకు కళ్లు పచ్చగా ఉండటం మామూలే. పాడైన నీళ్లు, తిండి వల్ల వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ, చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరుకు ఊళ్లో అంత పేరు రావడానికి కారణం కూడా ఇదే. తగ్గిపోయే జబ్బుకు మందు పోశారు, జబ్బు తగ్గింది, పేరు మందుకు వచ్చింది.

నాకు పసరు కన్నా పత్యమే ఎక్కువ దిగులు. ఆయన నీరసంలో సగం ఆకలి వల్లే అయి ఉంటుంది. కోలుకునే కాలేయానికి తిండి కావాలి. అన్నం, పప్పు, పెరుగు, పండ్లు, కొద్దిగా నూనె వేసిన కూర, ఏది తినగలిగితే అది పెట్టండి. కల్లు, సారా మాత్రం చుక్క కూడా వద్దు. డాక్టర్‌ను అడగకుండా నొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు వేయొద్దు. ముక్కులో పసరు పిండటం, మణికట్టు మీద వాత పెట్టడం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఒక్కసారి రక్తపరీక్ష చేయించండి. హెపటైటిస్ బి, సి రకాలు పసరుకు తగ్గినట్టే కనిపించి లోపల ఏళ్ల తరబడి ఉండిపోగలవు. మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా మరునాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మలం సున్నంలా తెల్లబడి ఒళ్లంతా దురద పెడితే పైత్యం పారే దారిలో అడ్డు ఉండొచ్చు, దానికి స్కాన్ కావాలి. ఇంకొక్క మాట. మీ ఇంట్లో గానీ వాడలో గానీ గర్భిణికి కామెర్లు వస్తే పసరు కోసం ఒక్క పూట కూడా ఆగొద్దు. నెలలు నిండే వేళ హెపటైటిస్ ఇ వస్తే ఐదుగురిలో ఒకరి ప్రాణం దాకా పోవచ్చు.

ప్రశ్న: నడుము చుట్టూ ఎర్రటి పొక్కులు, మంట. సర్పి అంటున్నరు. తల, తోక కలిస్తే మనిషి బతకడని మా వదిన చెప్పింది. ఎర్రమన్ను పూయించుకున్న. నిద్ర పట్టుత లేదు.
– ఒక రైతు, కౌకుంట్ల

జవాబు: హాయిగా నిద్రపోండి, ఆ తల, తోక కలవవు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరసే నరంలో దాగి ఉండి పెద్దయ్యాక ఇలా బయటికి వస్తుంది. దీన్ని హెర్పిస్ జోస్టర్ అంటారు. ఒక నరం వెంట, ఒంటికి ఒక పక్కనే వస్తుంది కాబట్టి నడుము చుట్టి రావడమన్నది దాదాపు ఉండదు. మన్ను కడిగేయండి, పుండ్లలో చీము పట్టొచ్చు. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు వైరస్ మాత్రలు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి కాబట్టి ఇవాళే డాక్టర్‌కు చూపించండి. సర్పి కంటి దగ్గరో ముక్కు కొస మీదో లేస్తే మాత్రం వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: నేను నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ ఊళ్లో ఉంటుంది. మోకాళ్ల నొప్పులు. మంచి ఆస్పత్రిలో చూపించాను, అయినా నాటు వైద్యుడి నూనె కోసమే వెళ్తుంది. చదువుకున్న కొడుకు మాట కన్నా ఆయన మాటే ఎందుకు ఎక్కువ? కోపం వస్తోంది, భయమూ వేస్తోంది.
– ఒక కుమారుడు, స్వగ్రామం ఆలూర్

జవాబు: భయం అక్కర్లేదు తమ్ముడూ. నూనె పైన రాసేదే అయితే, దద్దుర్లు రాకపోతే, రాయించుకోనివ్వండి. మర్దనకు నొప్పి కొంత తగ్గడం నిజమే. మోకాలు ఒక్కసారిగా ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా అప్పుడు నూనెతో ఆగకూడదు.

మీ కోపం సంగతికి వద్దాం. ఆస్పత్రిలో అమ్మకు దొరికిన సమయం ఎంతో గుర్తు తెచ్చుకోండి. 67 దేశాల లెక్కలు తీసి 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో, మన దేశంలో డాక్టర్ ఒక రోగితో గడిపేది సుమారు రెండు నిమిషాలని తేలింది. ఆ రెండు నిమిషాల్లో ఆమెకు వినిపించినవి రెండే మాటలు: అరిగిపోయాయి, ఆపరేషన్. నాటు వైద్యుడు ఆమెను కూర్చోబెట్టి ఏ కాలు, ఎప్పటి నుంచి, నాట్లప్పుడు ఎక్కువవుతుందా, రాత్రి నిద్ర పడుతుందా అని అడుగుతాడు. నొప్పి ఉన్నచోట చెయ్యి వేసి చూస్తాడు. ఆమె వెళ్లేది సగం ఆ చెయ్యి కోసమే.

డబ్బు సంగతి అందరూ చెప్పేదే గానీ అది మందు ధర ఒక్కటే కాదు. టమాట తెంపే రోజుల్లో నగరానికి పోవడమంటే కూలి పోతుంది, బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి కూలి కూడా పోతాయి. పైగా జీవితాంతం మాత్రలు అనే మాట మన పెద్దవాళ్లకు శిక్షలా వినిపిస్తుంది. నాటు మందుకు నలభై రోజులని ఒక గడువు ఉంటుంది, గడువున్న మందు మీద ఆశ ఉంటుంది. ఇక అలవాటు. మన ప్రాంతంలో నిజాం కాలం నుంచి యునానీ హకీములకు సర్కారు ఆదరణే ఉంది, చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆస్పత్రి ఇప్పటికీ నడుస్తోంది. అమ్మ దృష్టిలో ఇది ప్రత్యామ్నాయం కాదు, మొదటి వైద్యం. కోప్పడితే ఆమె వెళ్లడం మానదు, మీకు చెప్పడం మానేస్తుంది. ఈసారి మీరే తోడు వెళ్లి, నోట్లోకి ఏమైనా ఇస్తున్నాడా అని మర్యాదగా అడగండి. ఎందుకు అడగమంటున్నానో కింది ఉత్తరం చూడండి.

ప్రశ్న: కీళ్ల నొప్పులకు పేరు లేని పొట్లాల పొడి వాడుతున్న. మూడో రోజుకే లేచి తిరిగిన, అద్భుతం అనిపించింది. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ముఖం గుండ్రంగ ఉబ్బింది, చర్మం కమిలి నీలంగ అయితుంది. పొడి మానేయాల్నా?
– ఒక పాఠకురాలు, అమ్డాపూర్

జవాబు: దయచేసి ఈ రోజుకు ఈ రోజు మానేయకండమ్మా. కంగారు పడాల్సిన పని లేదు, కానీ ఈ ఉత్తరానికి జవాబు జాగ్రత్తగా చదవండి. మూలికలేవీ మూడు రోజుల్లో అంత పని చేయవు. మీరు చెప్పిన ముఖం ఉబ్బు, చర్మం కమలడం చూస్తే పొడిలో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపారనే నా అనుమానం. నెలల తరబడి స్టెరాయిడ్ పడితే ఒంట్లో సహజంగా ఊరే హార్మోన్ ఊరడం మానేస్తుంది. అలాంటప్పుడు పొడి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లంతో సహా జనరల్ ఫిజీషియన్ దగ్గరికి ఒకటి రెండు రోజుల్లో వెళ్లండి, ఆయన మోతాదు కొలిచి మెల్లగా తగ్గిస్తారు. షుగర్, బీపీ పరీక్ష కూడా చేయిస్తారు. ఈలోపు కళ్లు తిరిగి పడిపోయినా, వాంతులు మొదలైనా వెంటనే 108కి ఫోన్ చేయండి.

లేబుల్ లేని పొట్లం ఆయుర్వేదం కాదు. లైసెన్సున్న ఆయుర్వేద మందు మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలని చట్టమే చెబుతోంది. అవి ఉన్నంత మాత్రాన పూర్తి భరోసా అనీ అనను. 2004లో ప్రచురించిన ఒక పరిశీలనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 దక్షిణాసియా ఆయుర్వేద మందుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి హానికరమైన స్థాయిలో ఉన్నట్టు తేలింది. భస్మాలు వాడే వాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: షుగర్ వచ్చి ఆరేళ్లు. పొడపత్రి, నేరేడు గింజల పొడి తీసుకుంటున్నాను, మాత్రలు కూడా వేసుకుంటున్నాను. ఈ మధ్య పొద్దున చెమటలు, వణుకు. షుగర్ ఎక్కువైందా?
– రిటైర్డ్ ఉద్యోగి, చేవెళ్ల

జవాబు: ఎక్కువైంది కాదండీ, తక్కువైనట్టుంది. పొడపత్రి, మెంతులు, కాకర రక్తంలో చక్కెరను కొంత తగ్గిస్తాయి. మాత్రలకు అవి తోడైతే మోతాదు పెరిగినట్టే. అలా వణికినప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి, వీలైతే అప్పుడే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మీ డాక్టర్‌కు పొడుల సంగతి చెప్పి మాత్రల మోతాదు సరిచేయించుకోండి. షుగర్ వేళ్లతో సహా పోగొడతామనే ప్రకటనల జోలికి వెళ్లకండి, 1954 నాటి చట్టం ప్రకారం అలాంటి ప్రకటన ఇవ్వడమే నేరం. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు ఎవరైనా ఇన్సులిన్ మాన్పించి పొడి ఇవ్వమంటే, అది కొద్ది రోజుల్లోనే ప్రాణం తీసే సలహా.

ప్రశ్న: బాబుకు మూడేళ్లు. నెలనెలా జలుబు. హోమియో గుళికలు వేస్తున్నాం. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. వాడికి శక్తి లేదేమోనని భయం.
– ఒక తల్లి, అజీజ్‌నగర్

జవాబు: వాడికి శక్తి లేక కాదమ్మా. ఐదేళ్లలోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలు, అంగన్‌వాడీకి వెళ్లే పిల్లలకు ఇంకొంచెం ఎక్కువ. వారంలో తగ్గే జలుబు గుళికలు వేసినా వేయకపోయినా వారంలోనే తగ్గుతుంది. ఆ గుళికల వల్ల హాని లేదు, అనవసరంగా యాంటీబయాటిక్ వేయడం కన్నా మేలే. కానీ టీకాలు మాన్పించి గుళికలు సరిపోతాయంటే ఒప్పుకోకండి. నిమిషానికి 40 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, పక్కటెముకల కింద ఎగపోస్తున్నా, తిండి, నీళ్లు ముట్టకపోయినా అది జలుబు కాదు, ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మృగశిర కార్తెకు పాపను చేప ప్రసాదానికి తీసుకెళ్లాలనుకుంటున్నాం. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయం.
– చిల్కూర్

జవాబు: ఇన్‌హేలర్ అలవాటు పడే మందు కాదు, మాత్రల కంటే చాలా తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఏటా ఎందరో నమ్మకంతో వస్తారు, ఆ నమ్మకం మీద నాకు వాదన లేదు. ఆస్తమాను చేప ప్రసాదం నయం చేస్తుందనడానికి మాత్రం రుజువు లేదు. ప్రసాదంతో మింగించే బతికున్న కొర్రమీను చిన్నపిల్లలకు గొంతులో అడ్డం పడొచ్చు. వెళ్లినా, జేబులో ఇన్‌హేలర్ పెట్టుకునే వెళ్లండి, తిరిగొచ్చాక ఆపకండి.

ప్రశ్న: పొలంల మా తమ్మునికి పాము కరిచింది. మంత్రం వేయించినం, ఆకు నమిలించినం. రెండు రోజులైంది, మంచిగనే ఉన్నడు. విషం తర్వాత ఎక్కుతదా?
– దామరగిద్ద

జవాబు: రెండు రోజులు గడిచినా వాపు, రక్తం కారడం, కనురెప్పలు వాలడం లేవంటే గండం గడిచినట్టే, ఊపిరి పీల్చుకోండి. మన పొలాల్లో తిరిగే పాముల్లో చాలావాటికి విషం లేదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కాటేస్తుంది. మంత్రం పని చేసిందనిపించేది ఇలాంటి కాట్లకే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర నిజంగా విషం ఎక్కిస్తే దాన్ని విరిచేది యాంటీవీనమ్ సూది ఒక్కటే, సర్కారు దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పోయిన వాళ్లు 12 లక్షల మందని అంచనా, వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో, ఆస్పత్రికి చేరకుండానే చనిపోయారు. మళ్లీ ఎవరికైనా అయితే గట్టిగా తాడు కట్టకండి, కోయకండి, కాలు కదలనివ్వకుండా 108లో పంపండి. కింద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి కళ్లు తెరవలేకపోతే కాటు గుర్తు కనిపించకపోయినా కట్లపామేనని అనుమానించాలి.

కుక్కకాటుకు ఆకు మందు తాగించామని ఇంకో ఇద్దరు రాశారు. దీనికి మినహాయింపు లేదు. పుండును పావుగంట సేపు సబ్బు, ధారగా పడే నీళ్లతో కడిగి, అదే రోజు రేబీస్ టీకా వేయించాలి. లక్షణాలు మొదలయ్యాక ఏ వైద్యంలోనూ మందు లేదు.

ప్రశ్న: పాప జారిపడింది, మణికట్టు వాచింది. ఊళ్లోనే ఆకు నూరి, వెదురు బద్దలతో కట్టు కట్టించినం. ఎక్స్‌రే తీయలేదు.
– ఊరెళ్ల

జవాబు: పిల్లల ఎముకలు తొందరగా అతుకుతాయి, కదలకుండా ఉంచితే చాలా విరుగుళ్లు నాలుగైదు వారాల్లో కుదురుకుంటాయి. పుత్తూరు కట్టు పేరు నిలిచింది అందుకే. కానీ లోపల ఎముక ఎలా జరిగిందో చేత్తో తెలియదు, ఒక ఎక్స్‌రే తీయించండి. ఇప్పుడే పాప వేళ్లు చూడండి. చల్లగా, నీలంగా ఉన్నా, తిమ్మిరి అన్నా, వేళ్లు చాపితే ఏడ్చినా కట్టు వెంటనే విప్పేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి, కొన్ని గంటలు ఆలస్యమైనా చెయ్యి చచ్చుబడొచ్చు. మోచేతి దగ్గర దెబ్బ తగిలితే మాత్రం ముందు కట్టు మాటే వద్దు, అక్కడ రక్తనాళం ఎముకను ఆనుకునే ఉంటుంది.

ప్రశ్న: నాకు రెండో నెల. మొదట ఆడపిల్ల. మగబిడ్డ కోసమని మా అత్తమ్మ ఆవు పాలల్ల ఏదో మందు ఇచ్చింది, ఒకసారి తాగిన. ఇంకో రెండుసార్లు తాగాల్నట.
– పేరు రాయని చెల్లెలు, మొయినాబాద్ మండలం

జవాబు: ఒక్కసారి తాగినందుకు బిడ్డకు ఏదో అయిపోయిందని ఏడవకండమ్మా, చాలామందికి ఏమీ కాదు. మిగతా రెండు మోతాదులు మాత్రం వద్దు. బిడ్డ ఆడో మగో కడుపులో పడ్డ క్షణంలోనే, తండ్రి వీర్యకణాన్ని బట్టి తేలిపోతుంది. రెండో నెలలో దాన్ని మార్చే మందు ప్రపంచంలో లేదు. హర్యానాలో ఇలాంటి మందులను పరీక్షిస్తే కొన్నింటిలో టెస్టోస్టిరాన్, మొక్కల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ దొరికాయి. అక్కడ అవయవలోపాలతో పుట్టిన బిడ్డల తల్లుల్లో ఈ మందులు వాడిన వాళ్లు ఎక్కువగా కనిపించారు. మీ డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పి, 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలు చూసే స్కాన్ తప్పక చేయించండి. అత్తమ్మతో గొడవ వద్దు, డాక్టర్ కచ్చితంగా మానమన్నాడని నా మీదకే నెట్టేయండి.

ప్రశ్న: నాకు 22. చేతుల మీద బొల్లి మచ్చలు. సంబంధాలు చూస్తున్నారు. ఎర్రగడ్డ యునానీ ఆస్పత్రికి వెళ్లమంటున్నారు. వెళ్లొచ్చా?
– పెద్దమంగళారం

జవాబు: వెళ్లొచ్చు. అది కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ, బొల్లి మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. బొల్లి అంటుకోదు, కుష్టు కాదు, ప్రాణానికి ముప్పు లేదు. బావంచాలు పాత వైద్యంలో బొల్లికి వాడేవారు, వాటిలో ఉన్న సొరాలెన్ అనే పదార్థాన్నే చర్మ డాక్టర్లు కాంతి చికిత్సలో వాడారు. అందుకే ఇంట్లో బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చోకండి, చర్మం బొబ్బలెక్కుతుంది. ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, కొందరిలో ఈ రెండూ కలిసి వస్తాయి. సంబంధాల వాళ్లకు దాచకుండా చెప్పడమే మీ మనసుకు హాయి.

ప్రశ్న: నాన్నకు గుట్కా వల్ల నోటి క్యాన్సర్, మొదటి దశ అన్నారు. ఆపరేషన్ అంటే భయపడి ఆకు వైద్యానికి పోతానంటున్నాడు.
– కనకమామిడి

జవాబు: మొదటి దశలో దొరకడం నిజంగా మీ అదృష్టం, ఈ దశలో ఆపరేషన్‌తో బయటపడే వాళ్లే ఎక్కువ. ఆయన భయం న్యాయమైనదే: ముఖం పాడవుతుంది, మాట పోతుంది, పొలం అమ్మాలి అనుకుంటూ ఉంటారు. ఒక్కో భయం అడిగి తెలుసుకుని సర్జన్ ముందు పెట్టండి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అమెరికాలో 2018లో వచ్చిన ఒక పరిశీలనలో, నయమయ్యే క్యాన్సర్లకు అసలు వైద్యం వదిలి ప్రత్యామ్నాయ వైద్యమే పట్టుకున్న వాళ్లలో మరణాలు రెండున్నర రెట్లు ఎక్కువ కనిపించాయి. ఆకు వైద్యం మీద ఆశ ఉంటే, ఆపరేషన్ తర్వాత డాక్టర్‌కు చెప్పి చూడమనండి. ముందు మాత్రం వద్దు, నోటి పుండు నెలలు ఆగదు.

ప్రశ్న: వచ్చే నెల పిత్తాశయం ఆపరేషన్. అశ్వగంధ, అతిమధురం వాడుతున్నానని చెబితే ఒక డాక్టర్ అందరి ముందు కసురుకున్నారు. ఇక ఎవరికీ చెప్పొద్దనుకుంటున్నాను.
– ఒక ఉపాధ్యాయురాలు, చేవెళ్ల

జవాబు: అలా కసరడం ఆ డాక్టర్ తప్పు, మీది కాదు. ఈ శీర్షిక చదివే డాక్టర్లకు కూడా ఒక మాట: ఒకసారి కసిరితే ఆ రోగి మన దగ్గర ఇంకెప్పుడూ నోరు తెరవరు. అయినా అమ్మా, ఈ ఒక్కసారికి దాచకండి. అతిమధురం బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. అశ్వగంధ మత్తును ఎక్కువ చేయొచ్చు, థైరాయిడ్ పరీక్షనూ తారుమారు చేయొచ్చు. మామూలుగా ఇలాంటివి ఆపరేషన్‌కు రెండు వారాల ముందే ఆపుతారు. సర్జన్‌కు చెప్పడం ఇబ్బందైతే ఆపరేషన్ ముందు పరీక్షించే మత్తు డాక్టర్‌కు చెప్పండి, వాళ్లకు ఇది కావలసిన సమాచారం. వాడుతున్న సీసాలు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి.